పన్నెండణాల నడుం నొప్పి

మరాఠీ సీమ అంచున ఉన్న తెలుగు ఊరు సిరోంచలో ఎవరికి ఏ నొప్పి లేచినా డాక్టరు కంటే ముందు సాంబన్న తలాఠీ వచ్చేవాడు. గొడుగు గోడకు ఆనించి, చెప్పులు విడిచి, మంచం పక్కన చతికిలబడి, బాగున్నావా అన్న పలకరింపు కూడా లేకుండా ఒక్కటే మాట అడిగేవాడు: "ఎన్ని అణాలు?"

అణాలంటే డబ్బులు కావు. తలాఠీ అంటే మన పట్వారీయే. ముప్పై రెండేళ్ల కొలువులో ఆయనకు ప్రాణమైన పని ఆణెవారీ. కోతల ముందు పొలం గట్ల మీద తిరిగి, ఒక వరి కంకి తెంపి అరచేతిలో నలిపి, పొట్టు ఊది, మిగిలిన గింజల్ని చూసి "ఈ ఏడు పంట తొమ్మిదణాలు" అని తేల్చడం. పదహారణాలంటే నిండు పంట. పంట మరీ తగ్గిందని తేలితే శిస్తు ఆపేవారు కాబట్టి, గాదె నిండా వడ్లు పోసుకున్న రైతు కూడా "నాలుగణాలే సాబ్, పిల్లల మీద ఒట్టు" అని కళ్లనీళ్లు పెట్టుకునేవాడు. సాంబన్న ఆ ఏడుపంతా ఓపిగ్గా విని, దాని మీద తన లెక్క కలుపుకుని రాసేవాడు.

ఎనభై రెండులో ఆయన కొలువు అయిపోయింది గానీ ఈ అంచనాల పిచ్చి మాత్రం పోలేదు. పెళ్లి భోజనం పదకొండణాలు. కొత్త కోడలి చింతపులుసు ఏడణాలు, ఉప్పు సర్దితే తొమ్మిది. అంకిస ఊరికి పోయే దారి మూడణాలు, అదీ వాన లేనప్పుడు. ఇవన్నీ ఒక ఎత్తు, నొప్పులు ఒక ఎత్తు.

"పంట అడిగితే తగ్గిచ్చి చెప్తరు, నొప్పి అడిగితే పెంచి చెప్తరు," అనేవాడు. "పంటకు కలపాలె, నొప్పికి కొట్టెయ్యాలె. గంతే."

ఈ కొట్టివేతలకు ఊళ్లో అందరికంటే ఎక్కువగా బలైనవాడు దర్జీ జగ్గయ్య.

జగ్గయ్య నడుం నొప్పి మూడేళ్లది. ఆ మూడేళ్లలో దాన్ని తనెంత ముద్దుగా పెంచాడో తలుచుకుంటే తరువాతి రోజుల్లో జగ్గయ్యకే సిగ్గేసేది. వాకిట్లో చెప్పుల చప్పుడు వినబడగానే మూలుగు దానంతటదే ఒక మెట్టెక్కేది. వచ్చినవాళ్లు గడప దాటేసరికి ఇంకో మెట్టు. మామూలు మనుషులు "అమ్మా" అనే మాట ఒక్కలాగే అంటారు. జగ్గయ్య ఏడు రకాలుగా అనగలడు: లేచేటప్పుడు ఒకటి, కూర్చునేటప్పుడు ఒకటి, భార్య లక్ష్మక్క కట్టెలు కొట్టమన్నప్పుడు అన్నిటికంటే పొడవైనది ఒకటి. నొప్పి అబద్ధం కాదు. నొప్పి నిజమే. ఆ నిజానికి జరీ అంచు కుట్టడం మాత్రం ఆయన పనితనం.

వైద్యం తక్కువ జరగలేదు. ఒక డాక్టరు పరుపు తీసేసి చెక్కబల్ల మీద పడుకోమన్నాడు. ఇంకో డాక్టరు బల్ల తీసేసి నడుముకు తోలుపట్టా బిగించాడు. అడవి పక్క ఊరి నుంచి వచ్చిన జంగుబాయి ఆకు పసరు రాసి మూడు రోజులు కదలొద్దంది. జగ్గయ్య మూడు నెలలు కదల్లేదు. కదలొద్దని ఎవరు చెప్పినా ఆయన వాళ్ల మాట వేదంలా పాటించేవాడు. లేచి నడవమన్న వైద్యుడి దగ్గరికి మాత్రం రెండోసారి వెళ్లేవాడు కాదు.

నవ్వులాట కాని సంగతి ఒకటుంది. అంగీకి కాలర్ కుట్టాలంటే జగ్గయ్యే కుట్టాలని తాలూకా అంతా పేరు. ఇప్పుడా కుట్టుమిషన్ మీద పాత చీర కప్పి లక్ష్మక్క ఉల్లిగడ్డలు ఆరబోసింది. ఆమె ఎండాకాలం బీడీల తునికాకు తెంపడానికి, వానాకాలం నాట్లకు పోతే, జగ్గయ్య పడుకుని ఆ ఉల్లిగడ్డల వైపు చూసేవాడు. మళ్లీ ఎప్పటికైనా కాలర్‌తో ఒక నిండు అంగి కుడతానా అన్న ప్రశ్న ఆయన్ని తినేసేది. ఆ మాట పైకి అనడానికి భయం. అందుకని "అమ్మా" అనేవాడు.

"ఎన్ని అణాలు, జగ్గయ్యా?" అన్నాడు సాంబన్న ఒక రోజు, వస్తూనే.

"పద్నాలుగు, సాబ్. నిన్న అయితే పదహారు దాటింది."

"పదహారు దాటదు. పదహారైతే మనిషి మాట్లాడడు. పక్కకు తిరుగు."

"అమ్మా!"

"తిరగక ముందే అన్నవ్. రెండణాలు కొట్టేసిన." సాంబన్న కళ్లజోడు సర్దుకుని లోపలికి కేకేశాడు. "లక్ష్మక్కా, రేవుల పెద్ద పెద్ద చాపలు దిగినయట, నిజమేనా?"

జగ్గయ్య తల దిండు మీంచి చటుక్కున లేచింది. "ఎంత పెద్దయి?"

"ఇంకో నాలుగు కొట్టేసిన. ఎనిమిదణాలు."

జగ్గయ్యకు ఒళ్లు మండిపోయింది. మూడేళ్లు కష్టపడి పెంచుకున్న నొప్పిని చేపల మాటతో సగం చేసేశాడు ఈ పెద్దమనిషి. కానీ సాంబన్న లేచి వెళ్లిపోలేదు. గొడుగు మొనను నేలకు ఆనించి అన్నాడు:

"తమ్మీ, మిగిలిన ఎనిమిది నిజం. దానికి మందు దొరకాలె. నాగపూర్ల ఓ పెద్ద దవాఖానల నొప్పుల డాక్టర్ ఉన్నడట. ఒక్క నొప్పులే చూస్తడట. బేస్తవారం పోదాం."

"ఒక్క నొప్పులే చూసేటోడు ఏం డాక్టర్, సాబ్? మరి రోగం ఎవరు చూస్తరు?"

"రోగం చూసేటోళ్లు మూడేళ్లు చూసిండ్రు గదా. ఏం పీకిండ్రు?"

బేస్తవారం ఎర్రబస్సెక్కారు. అడవి దారిలో గుంత వచ్చినప్పుడల్లా సాంబన్న "ఇప్పుడు?" అనడం, జగ్గయ్య "పదకొండు!" అని అరవడం. ఆష్టి చేరేసరికి ఈ జబ్బు బస్సంతా పాకింది. కండక్టరు మోకాలు ఆరణాలు తేలింది. ఒళ్లో కోడిని పెట్టుకున్న ఒక ముసలవ్వ తన పంటి నొప్పి పదమూడణాలంది. సాంబన్న ఆమె నోరు తెరిపించి చూసి, ఒక్క అణా కూడా కొట్టేయకుండా ఒప్పుకున్నాడు. జగ్గయ్యకు ఆ ముసలవ్వ మీద అసూయ పుట్టింది.

నొప్పుల డాక్టరు పేరు పట్వర్ధన్. పొట్టి మనిషి, తొందర లేని మనిషి. ఎక్స్‌రే కవరు పక్కన పెట్టి, నొప్పి ఎప్పుడు మొదలైంది, ఏం చేస్తే పెరుగుతుంది, నిద్ర ఎలా పడుతుంది, ఇంట్లో ఎవరెవరున్నారు అని, జగ్గయ్యకు వచ్చిన కాస్త మరాఠీలోనే ముప్పావుగంట అడిగాడు. జగ్గయ్య జీవితంలో ఇంతసేపు ఆయన నొప్పి గురించి విన్నవాళ్లు లేరు. చివరికి డాక్టరు ఒక కాగితం మీద అడ్డగీత గీశాడు.

"ఈ చివర సున్నా, అసలు నొప్పి లేదని. ఆ చివర పది, ఇక ఓర్చుకోలేనని. నీది ఎంత?"

జగ్గయ్య బాగా ఆలోచించి నిజాయితీగా "పన్నెండు" అన్నాడు.

"పదిలో అడిగాను."

"పన్నెండే సార్. ఇవాళ కొంచెం తక్కువుంది."

డాక్టరు కలం కింద పెట్టాడు. సాంబన్న లేచి నిలబడి, తాలూకా కచేరీలో విన్నవించుకున్నట్టు తన తలాఠీ మరాఠీలో మొదలుపెట్టాడు. "హుజూర్, ఈయన చెప్పింది పదహారులో పన్నెండు. అది రైతు చెప్పిన లెక్క. నేను స్వయంగా తనిఖీ చేసిన లెక్క ఎనిమిది."

డాక్టరు ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. తరువాత ఆయన ముఖం విచ్చుకుంది. "ఆణెవారీయా? మాకు వర్ధా పక్కన పత్తి చేను ఉండేది. ఏటా మీలాంటి ఒకాయన వచ్చేవాడు. ఆయన ముందు మా నాన్న ఏడ్చినంతగా మా తాత పోయినప్పుడు కూడా ఏడవలేదు."

నవ్వాడు గానీ వెంటనే కలం తీసుకున్నాడు. "కాని తలాఠీ గారూ, నొప్పికి కొట్టివేత ఉండదు. పడేవాడు పన్నెండంటే పన్నెండే. పక్కవాడు కొలవలేడు."

జగ్గయ్య విజయగర్వంతో సాంబన్న వైపు తిరిగాడు. తిరిగిన వేగానికి తనే ఖంగుతిని, ఆలస్యంగా "అమ్మా" అన్నాడు.

"సరే, నొప్పి లేకపోతే ఏం చేస్తావు?" అన్నాడు డాక్టరు.

మూడేళ్లలో ఎవరూ అడగని ప్రశ్న. ఏడు రకాల అమ్మల్లో ఒక్కటీ దానికి జవాబు కాదు. జగ్గయ్య చెయ్యి తన కాలర్ మీదికి పోయింది. "అంగి కుడతా, సార్. కాలర్‌తో."

డాక్టరు ఎక్స్‌రే చూసి, వెన్ను నొక్కి చూసి చెప్పాడు. ఎప్పుడో నడుం పట్టేసిన మాట నిజమే. అది మానిపోయింది. కానీ నరాలు ఇంకా ప్రమాదం ప్రమాదం అని కబురు పంపుతూనే ఉన్నాయి. జగ్గయ్యకు ముక్క అర్థం కాలేదు. సాంబన్న ఆయన చెవి దగ్గరికి వంగాడు.

"మంచె మీద కావలోడున్నడు. పందులొచ్చినయి, డబ్బా కొట్టిండు. పందులు పోయినయి. వాడింక కొడుతనే ఉన్నడు. డబ్బా సప్పుడు నిజమే, తమ్మీ. పందులే లేవు."

"మరి వాన్నెట్ల దింపుడు?"

ఆ మాట సాంబన్న మరాఠీలో అడిగితే డాక్టరు తలాడించాడు. "గట్టిగా లాగితే దిగడు. పందులు లేవని మెల్లమెల్లగా నమ్మించాలి."

రెండు రోజులు ఉంచుకుని వీపులో సూది వేశారు. పడుకునే ముందు వేసుకోమని చిన్న మాత్రలిచ్చారు. ఒళ్లు వంచే కసరత్తులు నేర్పారు. రెండు పూటలా నడవాలి. గడియారం పెట్టుకుని మిషన్ మీద పది నిమిషాలు కూర్చోవాలి. నొప్పి వచ్చినా రాకపోయినా పది కాగానే లేవాలి. వారానికి రెండు మూడు నిమిషాలు పెంచుకుంటూ పోవాలి.

"నొప్పి పూర్తిగా పోతుందని మాట ఇవ్వను," అన్నాడు డాక్టరు పంపేటప్పుడు. "ఇలా చేస్తే అంగి కుడతావని మాత్రం నా నమ్మకం. ఇంకో మాట. నొప్పి ఎంతుందని నేను అడుగుతాను, అది నా పని. ఇంట్లో గానీ ఊళ్లో గానీ ఇంకెవరూ అడగొద్దు. అడిగినకొద్దీ మనసు అటే పోతుంది. ఎంత కుట్టావని అడగండి."

జగ్గయ్య సాంబన్న వైపు చూశాడు. సాంబన్న తన గొడుగు వైపు చూసుకున్నాడు.

తిరుగు ప్రయాణంలో సాంబన్న పడ్డ యాతన చూసి జగ్గయ్య తన నొప్పే మరిచిపోయాడు. ప్రతి గుంతకూ ఆయన నోరు తెరుచుకునేది, ప్రతి గుంతకూ బలవంతంగా మూసుకునేవాడు. ఒక చోట బస్సు ఏకంగా గాల్లోకి లేచి పడింది.

"ఎన్ని..." అనేశాడు సాంబన్న. జగ్గయ్య గుర్రుగా చూశాడు. "ఎన్ని కోతులో చూడు, ఆ చెట్టు మీద!"

చెట్టు మీద ఒక్క కోతి కూడా లేదు.

ఊరు చేరాక సాంబన్న తన ఇంటి అలారం గడియారం తెచ్చి మిషన్ పక్కన పెట్టాడు. లక్ష్మక్క ఉల్లిగడ్డలు ఎత్తేసింది. మొదటి వారం జగ్గయ్య పాత గుడ్డ ముక్కల మీద పది నిమిషాలు కుట్టి, అలారం మోగగానే బడి పిల్లాడిలా లేచి నిలబడేవాడు. రెండో వారం జంగల్ గార్డు మారయ్య రెండు పాంట్లకు సరిపడా ఖాకీ బట్ట తెచ్చాడు. "నువ్వే కుట్టాలె జగ్గన్నా, ఇంకొకనికిస్తే తోలు సంచి లెక్క కుడుతడు," అన్నాడు. అంతే, జగ్గయ్య ఛాతీ రెండంగుళాలు పెరిగింది. గడియారాన్ని దిండు కింద తోసి మూడు గంటలు ఏకబిగిన కుట్టాడు. ఆ తరువాత మూడు రోజులు మంచం దిగలేదు. ఈసారి మూలుగులో జరీ అంచు ఏమీ లేదు, అంతా అసలు బట్టే.

సాంబన్న వచ్చి కూర్చున్నాడు. పెదవులు బిగించుకున్నాడు. పైకి చూసి ఇంటి వాసాలు లెక్కపెట్టాడు. చివరికి చాలా కష్టం మీద అడిగాడు. "ఎంత కుట్టినవ్?"

"మూడు కాళ్లు."

"పది నిమిషాల మనిషివి, మూడు గంటలు కూసుంటే ఎట్లయ్యా?"

"ఖాకీ బట్ట సాబ్. ఎట్ల కాదంట? ఇచ్చేటోళ్లు పది నిమిషాల పని ఇస్తరా?" జగ్గయ్య గోడ వైపు తిరిగాడు. "నాతోని కాదు సాబ్. ఆ ఉల్లిగడ్డలు మళ్ల తెచ్చి పొయ్యమను."

సాంబన్న లేచి, మారయ్య ఇచ్చిన ఖాకీ బట్ట చంకలో పెట్టుకుని, ఏదో ఆలోచించుకుంటూ వెళ్లిపోయాడు.

జగ్గయ్య లేచి తిరగడం మొదలుపెట్టిన వారం నుంచి విచిత్రం జరిగింది. పక్కింటి ఎల్లక్క సంచి పట్టుకొచ్చింది, పిడి ఊడిందని. పోశం జేబు ఊడిందన్నాడు. వెంకటవ్వ రవికె చంక కుట్టు పోయిందంది. సాంబన్న అంగి జేబైతే నెలకోసారి ఊడేది. అన్నీ సరిగ్గా పది నిమిషాల పనులు. జగ్గయ్య పదహారు నిమిషాలు కూర్చోగలిగేసరికి వచ్చే పనులూ పదహారు నిమిషాలవే అయ్యాయి. అలారం మోగడం, పని అయిపోవడం ఒకేసారి. లేచి, వాకిట్లో నాలుగు అడుగులు నడిచి వచ్చేవాడు. నడుము సణిగేది. సణగనీ అని మళ్లీ కూర్చునేవాడు.

"చూసినవా?" అన్నాడు లక్ష్మక్కతో, మీసం దువ్వుకుంటూ. "మూడేండ్లు ఊరు ఊరంత చిరుగులు దాచుకోని నా కోసమే కూసున్నదే. మనకున్న పేరు గసొంటిది."

లక్ష్మక్కకు దగ్గొచ్చింది. నోటికి కొంగు అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్లిపోయింది. పొగ పట్టిందేమో అనుకున్నాడు జగ్గయ్య. పొయ్యి వెలిగించలేదన్న సంగతి ఆ వీరుడికి తట్టలేదు.

నాలుగు నెలలకు సాంబన్న జేబు నాలుగోసారి వచ్చింది. జగ్గయ్య దాన్ని కిటికీ వెలుగులో పట్టి చూసి, అలాగే ఉండిపోయాడు. కుట్టు చిరిగితే బట్ట పీచు లేస్తుంది, దారం అడ్డదిడ్డంగా తెగుతుంది. ఇక్కడ పీచు లేదు. దారం బ్లేడుతో కోసినట్టు తెగింది. పక్కన పెట్టిన ఎల్లక్క దిండు గలీబు తీసి చూశాడు. అదే బ్లేడు. పోశం పాంటు చూశాడు. అక్కడా అదే. ఇరవై ఆరేళ్లుగా బట్టలు కుట్టిన దర్జీ మొదటి రోజే పట్టుకోవలసిన సంగతి ఇది. మీసం దువ్వుకునే పనిలో పడి చూడలేదు.

గలీబు పట్టుకుని ఎల్లక్క ఇంటికి పోయాడు. "నిజం చెప్పు ఎల్లక్కా, ఇదెట్ల చిరిగింది?"

"ఎలుక కొరికింది."

"ఎలుక బ్లేడు పట్టిందా?"

ఎల్లక్క పకపకా నవ్వేసింది. "నన్నడుగుతవేంది, తలాఠీ సాబ్‌నడుగు. వారం వారం ఇల్లిల్లు తిరుగుతడు. ఈ వారం జగ్గయ్యకు ఇరవై నిమిషాల పని గావాలె, ఏమున్నది మీ ఇంట్ల అంటడు. మంచిగున్న బట్ట తీస్కపోయి, ఇంట్ల కూసోని విప్పి తెస్తడు. ఏ బట్టకు ఎన్ని నిమిషాలు పడతదో అంచనా గూడ ఆయనదే. నా గలీబు మూడుసార్లు విప్పిండు. నీ పెండ్లానికి గూడ ఎరుకే."

జగ్గయ్యకు ముందు కోపం వచ్చింది. తరువాత సిగ్గు వచ్చింది. పేరూ లేదు, పాడూ లేదు, ఊరంతా కలిసి తనతో బొమ్మలాట ఆడింది. తన ఇల్లు కూడా దాటి పోయి, వీధి మలుపులో ఆగిపోయాడు. నొప్పి ఎంతని అడగొద్దంటే ఆ ముసలాయన నోరైతే కట్టుకున్నాడు గానీ కొలవడం మానలేదు. తన నడుము ఎంత మోయగలదో ఊరు ఊరంతా తిరిగి కొలుస్తూనే ఉన్నాడు. సొంత అన్నైనా ఇంత చేయడు అనుకున్నాడు జగ్గయ్య. కళ్లు తుడుచుకుని నేరుగా తలాఠీ ఇంటికి దారి తీశాడు.

సాంబన్న అరుగు మీద కళ్లజోడు ముక్కు చివరికి జార్చుకుని, పోశం ఇంటి పరుపు గలీబు విప్పుతున్నాడు. జగ్గయ్యను చూసి గలీబును గబుక్కున కిందేసి దాని మీద కూర్చున్నాడు. కూర్చున్నవాడు కెవ్వున లేచాడు. బ్లేడు కింద ఉంది.

"ఏం లేదు తమ్మీ, చీమ."

జగ్గయ్య అరుగెక్కి పక్కన కూర్చుని, గలీబు లాగి, బ్లేడు తీసుకున్నాడు.

"గిట్ల కాదు, సాబ్. వరుసగ కోస్తే బట్టకు గాటు పడతది. మూడు కుట్లకు ఒకటి కొయ్యాలె. ఎనుకకెల్లి దారం గుంజాలె. మొత్తం ఒక్కపాలి ఊడొస్తది." గుంజి చూపించాడు. దారం సర్రున వచ్చింది.

సాంబన్న నోరెళ్లబెట్టాడు. "అరె! నాలుగు నెలలకెల్లి నేను ఒక్కొక్కటే కోస్తున్న."

"తెలుస్తనే ఉన్నది."

ఇద్దరూ కలిసి విప్పసాగారు. సాంబన్నే దొంగలా గొణిగాడు. "కోపమొచ్చిందా?"

"ఈ గలీబు అద్దు, సాబ్. దీంట్ల అన్ని సీదా కుట్లే." జగ్గయ్య తల ఎత్తలేదు. "కాలర్ ఏమన్న ఉంటే సూడు."

సాంబన్న ఆయన్ని తేరిపార చూశాడు. ఏదో అడగబోయి మింగేశాడు. తరువాత గుండీలు విప్పుకుని ఒంటి మీది అంగీనే తీసి చేతికిచ్చి, బనీనుతో కూర్చున్నాడు. అది ఆరేళ్ల కింద జగ్గయ్య కుట్టిన అంగీయే. కాలర్ ఇప్పటికీ బిర్రుగా నిలబడి ఉంది.

ఒక అంచు జగ్గయ్య పట్టుకున్నాడు, ఇంకో అంచు సాంబన్న పట్టుకున్నాడు. బ్లేడు దించడానికి కుట్ల మధ్య సందే దొరకలేదు. సాంబన్నకు చెమటలు పట్టాయి.

"ఎవడు కుట్టిండో గని, వాని చెయ్యి పడిపోను, ఊడితే గద!"

జగ్గయ్య నవ్వాడు. ఆపుకోలేక, అరుగు మీద దొర్లినంత పని చేసి నవ్వాడు. నవ్వుతుంటే నడుము కలుక్కుమంది. లేచి వాకిట్లో రెండు చుట్లు తిరిగి, మళ్లీ వచ్చి కూర్చుని బ్లేడు అందుకున్నాడు.